1966 మస్టాంగ్‌కి రెండు గదుల మాస్టర్ సిలిండర్: పత్రిక చెప్పినది, చెప్పకుండా వదిలేసినది

1966 ఫోర్డ్ మస్టాంగ్‌లో బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలకూ ఫ్లూయిడ్ వెళ్లేది ఒకే గదిలోంచి. పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఒకే పిస్టన్, ఒకే గది, బయటికి ఒకే దారి. ముందు చక్రం దగ్గర రబ్బరు గొట్టం పగిలినా, వెనక చక్రం సిలిండర్ కారినా పెడల్ నేలకి అంటుకుంటుంది. నాలుగు చక్రాల బ్రేకూ ఒక్కసారే పోతుంది. అప్పుడు చేతికి మిగిలేది డాష్‌బోర్డు కింద లాగే పార్కింగ్ బ్రేకు పిడి ఒక్కటే. కాడిలాక్, అమెరికన్ మోటార్స్ 1962 మోడళ్లలోనే రెండు గదుల సిలిండర్ పెట్టాయి, ముందు చక్రాలకు ఒక గది, వెనక చక్రాలకు ఒక గది. మస్టాంగ్‌కి అది 1967 మోడల్‌తో వచ్చింది. అంతకు ముందు అమ్ముడైన 12 లక్షలకు పైగా మస్టాంగ్‌లు ఒక్క గదితోనే రోడ్డెక్కాయి.

నేను మార్చింది 1966 హార్డ్‌టాప్‌కి. 289 ఘనపు అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను), రెండు బ్యారెళ్ల కార్బురేటర్, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, పవర్ బ్రేకు లేదు. డాలస్‌లోనో డెట్రాయిట్ పక్కనో ఇల్లు కొనుక్కుని, రెండు కార్ల గరాజులో ఒక సగం పాత మస్టాంగ్‌కి ఇచ్చిన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెయింటు, క్రోమ్, కార్బురేటర్ అన్నీ ఆగుతాయి. ఈ పని ఆగకూడదు.

దారి చూపింది పాత పత్రికలు. అమెరికాలో పాత కార్ల పత్రికలది పెద్ద లోకం. 'హాట్ రాడ్' 1948 జనవరిలో మొదలైంది. 'హెమ్మింగ్స్ మోటార్ న్యూస్' 1954లో ఇల్లినాయ్‌లోని క్విన్సీ ఊళ్లో పుట్టి, తర్వాత వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్‌కి చేరింది. దాని సొగసంతా చిన్న ప్రకటనల్లోనే ఉంది. ఏ భాగం ఎవరి దగ్గర ఉందో పేజీల కొద్దీ సన్నటి అక్షరాల్లో దొరికేది. మస్టాంగ్‌కే ప్రత్యేకంగా 'మస్టాంగ్ మంత్లీ' ఉండేది. 2019 డిసెంబరులో ఒకే సంస్థ 19 అచ్చు పత్రికలను ఒక్కసారిగా ఆపేసినప్పుడు అదీ, 'కార్ క్రాఫ్ట్' కూడా పోయాయి. నాకు అది నిజంగా నష్టం. వీడియోలో చెయ్యి అడ్డం వచ్చి కనిపించని చోటు, పత్రిక ఫోటోలో నిలబడి ఉంటుంది. గ్రీజు చేత్తో పేజీ తిప్పి మళ్లీ చూసుకోవచ్చు. పాత కార్ల సంతల్లో డబ్బాల్లో పోసి అమ్మే సంచికలు కనిపిస్తే మెరిసే కార్ల బొమ్మలున్నవి వదిలేసి, పని చేసి చూపించిన వ్యాసాలున్నవి ఏరుకోండి.

ఆ వ్యాసాలు చదవడానికీ ఒక పద్ధతి ఉంది. వ్యాసంలో చూపించే కిట్టు తరచుగా ఆ సంచికలోనే ప్రకటన ఇచ్చిన కంపెనీది. అందుకని కిట్టు నంబరు కాకుండా ఫోర్డ్ మూల నంబరు పట్టుకోవాలి. ఫోర్డ్ నంబరు మూడు ముక్కలు. సీ7జెడ్‌జెడ్-2140-ఏ అనే తరహా నంబరులో 'సీ' అంటే 1960ల దశకం, '7' అంటే 1967, తర్వాతి 'జెడ్' మస్టాంగ్, దాని పక్క 'జెడ్' సర్వీసు భాగం. 2140 అంటే బ్రేకు మాస్టర్ సిలిండర్. 2061 ముందు చక్రం సిలిండర్, 2261 వెనక చక్రం సిలిండర్, 2078 ముందు చక్రం రబ్బరు గొట్టం. ఈ మధ్య ముక్క ఏ ఏడాది బండికైనా ఒకటే. ఇది ఒంటబడితే ప్రకటనలు చదవడం తేలికవుతుంది, అమ్మేవాడి మాట మీద ఆధారపడాల్సిన పని తగ్గుతుంది.

ప్రకటనల్లో ఎన్.ఓ.ఎస్. అన్న మూడక్షరాలు కనిపిస్తాయి. అప్పట్లో తయారై, వాడకుండా డబ్బాలోనే ఉండిపోయిన అసలు ఫోర్డ్ సరుకు అని అర్థం. క్రోమ్ పట్టీకి, అద్దానికి, పిడికి అది బంగారమే. బ్రేకు రబ్బరుకి మాత్రం వద్దు. డబ్బాలో ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. అలాంటి గొట్టం పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల ఉబ్బి, దారి మూసుకుపోతుంది. అప్పుడు తొక్కిన ఒత్తిడి లోపలికి వెళ్తుంది, వెనక్కి రాదు, చక్రం పట్టేసి ఉంటుంది. గొట్టాలు, కప్పులు (సిలిండర్ లోపల ఫ్లూయిడ్‌ని ఆపే రబ్బరు బిళ్లలు), సిలిండర్లు కొత్తగా తయారైనవే కొన్నాను.

భాగాలు కొనేముందు చక్రానికి ఎన్ని బోల్టులున్నాయో లెక్కపెట్టాలి. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కి నాలుగు బోల్టులు, 9 అంగుళాల ముందు డ్రమ్ము. వీ8కి ఐదు బోల్టులు, 10 అంగుళాల డ్రమ్ము. ఆరు సిలిండర్ల కారులో ఎవరో వీ8 పెట్టి, బ్రేకులు పాతవే ఉంచిన కార్లు బజారులో ఉన్నాయి. ఫ్యాక్టరీలో కారుకి గుద్దిన గుర్తింపు నంబరు చూస్తే తెలిసిపోతుంది. 6ఎఫ్07సీ అని మొదలైతే 1966, డియర్‌బార్న్ ఫ్యాక్టరీ, హార్డ్‌టాప్, రెండు బ్యారెళ్ల 289. ఐదో అక్షరం 'టీ' అయితే పుట్టుకతో ఆరు సిలిండర్లది. తలుపు మీద రివెట్ చేసిన రేకుతో సరిపెట్టుకోకండి, తలుపు మారితే రేకూ మారుతుంది. డ్రైవరు వైపు బానెట్ కింద లోపలి రేకు మీద గుద్దిన నంబరు చూడండి.

నేను తెచ్చుకున్నవి: 1967 మస్టాంగ్‌కి సరిపడే, నాలుగు చక్రాలూ డ్రమ్ములున్న కార్లకు చేసిన, ఒక అంగుళం బోరు (లోపలి వ్యాసం) మాస్టర్ సిలిండర్. డిస్కు బ్రేకులకు చేసినది తేకూడదు. డ్రమ్ములకు చేసిన సిలిండర్‌లో, పైపు మొదలయ్యే చోట, సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు ఉంటుంది. చక్రం సిలిండర్ కప్పుల అంచులు ఎప్పుడూ గోడకి ఆనుకుని ఉండేలా చూసేది అదే. డిస్కుకి అంత ఒత్తిడి నిలిచిపోతే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. సిలిండర్‌తో పాటు పొడుగు మార్చుకునే పుష్‌రాడ్ (పెడల్ నుంచి పిస్టన్‌ని నెట్టే కడ్డీ), నాలుగు చక్రం సిలిండర్లు, మూడు రబ్బరు గొట్టాలు (ముందు రెండు, వెనక ఇరుసు మీద ఒకటి), నాలుగు చక్రాల షూలు (డ్రమ్ము లోపలి గోడకి ఒత్తుకునే వంపు రేకులు), స్ప్రింగుల సెట్టు, 3/16 అంగుళం రాగి-నికెల్ పైపు 25 అడుగుల చుట్ట, 3/8-24 మర నట్లు ఓ డజను, ఒక ఇత్తడి జాయింటు, ఒక ఇత్తడి మూత, రెండు సీసాలు డాట్ 3 ఫ్లూయిడ్. అచ్చంగా రాగి పైపు బ్రేకులకు పనికిరాదు, పగుళ్లిస్తుంది. నట్టు బిగిస్తే సరిపోయే కంప్రెషన్ జాయింట్లు కూడా వాడకూడదు, ఆ ఒత్తిడికి ఊడి వస్తాయి.

కారుని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, ఒక్కో మూలా భుజంతో నెట్టి చూశాకే కిందికి దూరాను. డ్రమ్ములు విప్పగానే వచ్చే నల్లటి పొడిని గాలి కొట్టి ఊదకండి. షూల మీద అతికే లైనర్లలో ఆ కాలంలో ఆస్బెస్టాస్ ఉండేది. సబ్బు నీళ్లో బ్రేకు క్లీనరో చల్లి, తడిపి, తుడిచి సంచిలో కట్టేయాలి.

ముందు డ్రమ్ము హబ్బుతో కలిసే వస్తుంది, కాబట్టి బేరింగు నట్టు విప్పాలి. వెనకది షూలను వదులు చేస్తే చాలు. డ్రమ్ము లోపలి వ్యాసం కొలవండి. కొత్తగా 10 అంగుళాలు, 10.060 దాటితే పారేయాలి. ఒక వైపు మాత్రమే విప్పి, రెండో వైపు అలాగే ఉంచాను. ఏ స్ప్రింగు ఎక్కడో అదే చెబుతుంది.

షూలలో పొట్టి లైనరున్నది ముందుకి, పొడుగుది వెనక్కి. ఇది తారుమారైతే బ్రేకు పడుతుంది కానీ కాలు నొప్పెట్టేంత తొక్కాలి. షూలను డ్రమ్ముకి దగ్గర చేసే నక్షత్రం మర ఎడమ చక్రానికి ఒక రకం, కుడి చక్రానికి ఒక రకం, మరలు ఎదురెదురు. మారిపోతే తనంతట తానే బిగుసుకోవాల్సిన అడ్జస్టరు వదులవుతూ పోతుంది. ప్రతి చక్రంలో షూల వెనకుండే పళ్లెం మీద షూలు ఆనే మెట్లు ఆరు. నా కారులో ముందు కుడి పళ్లెం మీద రెండు మెట్లకు గాడి పడి ఉంది. షూ ఆ గాడిలో ఇరుక్కుని ఆలస్యంగా కదులుతుంది, తొక్కగానే కారు పక్కకి లాగుతుంది. ఆకురాయితో సాపు చేసి, వేడికి తట్టుకునే గ్రీజు పలచగా రాశాను. లైనరుకి గ్రీజు వేలి ముద్ర కూడా అంటకూడదు.

ముందు బేరింగు బిగింపు షాప్ మాన్యువల్‌లో (ఫోర్డ్ రిపేరు పుస్తకంలో) ఉన్నట్టే చేయాలి. డ్రమ్ము తిప్పుతూ 17 నుంచి 25 ఫుట్-పౌండ్ల వరకు బిగించి, అర చుట్టు వదులు చేసి, మళ్లీ 10 నుంచి 15 అంగుళ-పౌండ్లకు తెచ్చి నట్టు తిరగకుండా ఆపే కొత్త కాటరు పిన్ను పెట్టాలి. రెండో సంఖ్య అంగుళాల్లో ఉందని గమనించండి. అక్కడ కూడా ఫుట్-పౌండ్లు అనుకుని బిగిస్తే బేరింగు మాడిపోతుంది. పత్రిక ఎంత మంచిదైనా మాన్యువల్ పక్కన ఉండాలనేది ఇందుకే. ఎలా చెయ్యాలో పత్రిక చూపిస్తుంది, ఎంత అన్నది మాన్యువల్లోనే ఉంటుంది.

ఇక అసలు పని. పాత మాస్టర్ సిలిండర్ రెండు బోల్టులతో ఫైర్‌వాల్‌కి (ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉన్న రేకు గోడకి) ఉంటుంది. కింద గుడ్డలు పరిచి, నీళ్ల సీసా పక్కన పెట్టుకున్నాను. డాట్ 3 పెయింటు మీద పడితే నిమిషాల్లో లేచిపోతుంది, తుడిచేకన్నా నీళ్లు పోసి కడగడమే మేలు. పైపు నట్లకు మామూలు పానా పెడితే మూలలు గుండ్రమైపోతాయి. ఐదు వైపులా పట్టుకునే ఫ్లేరు నట్టు పానా కావాలి (ఫ్లేరు అంటే పైపు చివర విప్పారేలా వేసే మడత). 3/8-24 నట్టుకి 3/8 పానా పడుతుంది. ముందురోజు రాత్రే తుప్పు నూనె వేసి ఉంచాను.

పాత ఏర్పాటులో మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చిన పైపు ఒక ఇత్తడి దిమ్మెలోకి వెళ్తుంది. అక్కడి నుంచి ముందు ఎడమకి, ముందు కుడికి, వెనక్కి మూడు దారులు. దీన్ని రెండుగా విడదీయాలి. వెనక పైపుని దిమ్మెలోంచి తీసి, ఆ రంధ్రానికి మూత బిగించాను. విడిపోయిన వెనక పైపుని ఇత్తడి జాయింటుతో కొత్త పైపుకి కలిపి, మాస్టర్ సిలిండర్‌లో రేడియేటరు వైపు రంధ్రానికి తెచ్చాను. ఫైర్‌వాల్ వైపు రంధ్రం నుంచి దిమ్మెకి ఇంకో కొత్త పైపు. ఇప్పుడు దిమ్మె ముందు చక్రాలకు మాత్రమే. కొత్త సిలిండర్‌కి ఒక రంధ్రం పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదానికి ఇత్తడి అడాప్టరు పడింది.

నేను అనుసరించిన వ్యాసంలో దిమ్మె మూత గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "రంధ్రాన్ని మూసేయండి" అని. ఏ మూతతో అని లేదు. నీళ్ల పైపులకు వాడే ఏటవాలు మర మూత అందులో పట్టదు. బలవంతం చేస్తే దిమ్మె మర పోతుంది. లోపల అడుగున ఉన్న శంఖాకార సీటు మీద కూర్చునే ఫ్లేరు మూతే కావాలి. టెఫ్లాన్ టేపు చుట్టడం కూడా తప్పు. ఇక్కడ మర నట్టుని పట్టుకుంటుంది, అంతే. ఫ్లూయిడ్‌ని ఆపేది ఫ్లేరు ముఖం.

ఫ్లేరు రెట్టింపు మడతది, 45 డిగ్రీలది అయి ఉండాలి. పైపు కోసి, లోపలి గీరు తీసి, నట్టు ఎక్కించాక మడత వేయాలి. నట్టు మర్చిపోతే మడత కోసి పారేయాల్సిందే. కోత వంకరగా ఉంటే మడత ఒక పక్కకి జారుతుంది. తుక్కు ముక్కల మీద నాలుగైదు మడతలు వేసి చెయ్యి తిరిగాకే కారు పైపు పట్టుకున్నాను. మొదటిసారి బిగించాక ఒక జాయింటు చెమర్చింది. గట్టిగా బిగించేకన్నా, వదులు చేసి బిగించడం రెండు మూడు సార్లు చేస్తే ఫ్లేరు సీటుకి అచ్చుగా సర్దుకుంటుంది.

మాస్టర్ సిలిండర్ని కారుకి పెట్టేముందే లోపలి ఫ్లూయిడ్‌లో చిక్కిన గాలి తీయాలి. బెంచి వైసులో చెవి పట్టుకుని సమంగా బిగించి, రెండు రంధ్రాల నుంచి ప్లాస్టిక్ గొట్టాలు తిరిగి గదుల్లోకే వచ్చి ఫ్లూయిడ్‌లో మునిగేలా పెట్టాను. పిస్టన్‌ని మొద్దు స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా, కొంచెం కొంచెంగా నొక్కాలి. బుడగలు పూర్తిగా ఆగేవరకు, పావుగంట పట్టినా సరే. కారులో పెట్టాక సిలిండర్ ముక్కు కాస్త పైకి ఉంటుంది, అక్కడ చిక్కిన గాలిని చక్రాల దగ్గర నుంచి తీయడం దాదాపు అసాధ్యం.

చక్రాల దగ్గర గాలి తీసేముందు షూలు సర్దాలి. పళ్లెంలోని కంతలోంచి నక్షత్రం మర తిప్పుతూ డ్రమ్ము కదలనంత బిగించి, సన్నగా రాసుకునే చప్పుడు వచ్చేవరకు వదులు చేయాలి. ఇది వదిలేసి, పెడల్ కిందికి పోతోందని సీసాల కొద్దీ ఫ్లూయిడ్ పోసేవాళ్లు ఎందరో. షూకీ డ్రమ్ముకీ మధ్య దూరం ఎక్కువైతే గాలి చుక్క లేకపోయినా పెడల్ కిందికే వస్తుంది. తర్వాత వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ, ఈ వరసలో గాలి తీశాము. నా భార్య పెడల్ దగ్గర, నేను కింద. "తొక్కు", "పట్టుకో", "వదులు" అనే మూడు మాటలు ముందే అనుకున్నాము. నేను బ్లీడరు (చక్రం సిలిండర్‌లో గాలిని బయటికి వదిలే చిన్న మర) మూసేదాకా ఆమె కాలు తీయకూడదు, తీస్తే గాలి తిరిగి లోపలికి పోతుంది.

ఇంజను ఆపి పెడల్ని గట్టిగా తొక్కి ముప్పై సెకన్లు పట్టి ఉంచి చూశాము. దిగలేదు. ప్రతి జాయింటు చుట్టూ టిష్యూ కాగితం తిప్పాను, ఒక్క మచ్చ లేదు. తర్వాత ఈ పని దేనికోసం చేశామో ఆ పరీక్ష. వెనక చక్రం బ్లీడరుకి గొట్టం పెట్టి తెరిచి, ఆమెని తొక్కమన్నాను. పెడల్ చాలా కిందికి వెళ్లింది. ముందు చక్రాలను చేత్తో తిప్పబోతే కదల్లేదు. వెనక బ్లీడరు మూసి, ముందుది తెరిచి చూస్తే వెనక చక్రాలు పట్టాయి. రెండు దారులూ విడిపోయాయని తెలిసింది. ఈ పరీక్ష ఏ పత్రికలోనూ నాకు కనిపించలేదు, మార్చిన ప్రతివాళ్లూ చేయాలి. చివర్లో మళ్లీ గాలి తీసి గదులు నింపాలి.

ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటకు 10 మైళ్ల వేగంతో మొదలుపెట్టాను. వెనక్కి వెళ్తూ పది పన్నెండు సార్లు బ్రేకు వేయాలి, ఆ అడ్జస్టర్లు వెనక్కి వెళ్తూ తొక్కినప్పుడే పని చేస్తాయి. పది నిమిషాలు తిరిగాక పెడల్ రాయిలా గట్టిపడింది, కారు బరువెక్కినట్టు నడిచింది. దిగి చెయ్యి దగ్గరపెట్టి చూస్తే నాలుగు డ్రమ్ములూ ఒకేలా కాగుతున్నాయి. ఒక్కటే కాగితే ఆ చక్రం దగ్గర తప్పు. నాలుగూ కాగితే తప్పు మాస్టర్ సిలిండర్ దగ్గర.

పుష్‌రాడ్ ఒక చుట్టు పొడుగైంది. కాలు తీసినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. పూర్తిగా వెనక్కి వస్తేనే గది అడుగున సూది మొనంత రంధ్రం తెరుచుకుని, వేడికి పెరిగిన ఫ్లూయిడ్ గదిలోకి తిరిగి వస్తుంది. అది మూసి ఉంటే వేడికి ఒత్తిడి, ఒత్తిడికి రాపిడి, రాపిడికి ఇంకా వేడి. అలాగే నడిపితే రోడ్డు మధ్యలో నాలుగు చక్రాలూ పట్టేస్తాయి. చల్లారాక లాకు నట్టు వదులు చేసి ఒక చుట్టు పొట్టి చేశాను. మాస్టర్ సిలిండర్ మూత తీసి, కళ్లజోడు పెట్టుకుని, పెడల్ని కొద్దిగా నొక్కించాను. రెండు గదుల్లోనూ అడుగు నుంచి చిన్న ఊట లేచింది. ఊట లేస్తే రంధ్రం తెరిచి ఉన్నట్టే. పెడల్ పైన వేలితో కదిపితే కొద్దిపాటి ఆట కూడా తెలుస్తోంది.

పుష్‌రాడ్ మార్చినప్పుడు బ్రేకు లైట్లు కూడా చూసుకోవాలి. స్విచ్చి పెడల్ చీల మీద, పుష్‌రాడ్ కన్నుతో కలిసి కూర్చుంటుంది. ఆ కన్ను చీల కంటే కాస్త పెద్దగా ఉండాలి, ఆ కొద్ది సందులోనే స్విచ్చి నొక్కుకుంటుంది. బిగువుగా ఉంటే కారు ఆగుతుంది, వెనకవాడికి లైటు వెలగదు. నాది మొదట ఆలస్యంగా వెలిగింది. పుష్‌రాడ్‌తో వచ్చిన ఇత్తడి బుష్‌ని కన్నులోంచి తీసేస్తే సరిపోయింది.

50 మైళ్లు తిరిగాక డ్రమ్ముల వేడి మళ్లీ చూశాను, జాయింట్లు మళ్లీ తుడిచాను, చక్రం నట్లు 75 ఫుట్-పౌండ్లకు మళ్లీ బిగించాను. 1966లో హెచ్చరిక దీపం లేదు, కాబట్టి ఒక గది ఖాళీ అవుతున్నా లోపల కూర్చున్నవాళ్లకి తెలియదు. అందుకని నెలకొకసారి మూత తీసి రెండు గదుల మట్టమూ చూసి, గరాజు గోడ మీద తేదీతో రాస్తున్నాను.